జన్యు సంకేతమా, జన్యుక్రమమా?

సందేహం: "ప్రతి మనిషికీ జన్యు సంకేతం వేరుగా ఉంటుంది" అని ఒక వార్తలో చదివాను. దాని కిందే "జన్యుక్రమం" అనీ రాశారు. రెండూ ఒకటేనా? కలిపి రాయాలా, విడిగానా?

సమాధానం: ఒకటి కాదండీ. అక్కడ "జన్యుక్రమం వేరుగా ఉంటుంది" అనాలి. మంచి మాటలు రెండు చేతిలో ఉండి కూడా ఒకదాని పని ఇంకోదానికి అప్పజెబుతున్నారే అని నాకు ఎప్పట్నుంచో బాధ.

క్రమం అంటే వరస. డీఎన్‌ఏలో ఉండేవి నాలుగే అక్షరాలు: అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. మన కణంలో తల్లి నుంచి వచ్చిన వాటాలోనే ఇవి సుమారు 300 కోట్లు బారులు తీరి ఉంటాయి. దేని తర్వాత ఏది అన్న ఆ వరసలోనే సమాచారమంతా ఉంది. మీ వరసకీ నా వరసకీ అక్కడక్కడా తేడా ఉంటుంది.

సంకేతం అంటే ఫలానా గుర్తుకి ఫలానా అర్థం అన్న కట్టుబాటు. ఛందస్సు చదివినవాళ్లకి ఇది చాలా సులువు. గురువు, లఘువు రెండే అయినా మూడేసి చొప్పున కలిపితే ఎనిమిది గణాలు వస్తాయి కదా, డీఎన్‌ఏలో అక్షరాలు నాలుగు కాబట్టి మూడేసి కలిపితే 64 వస్తాయి. వాటిలో 61, ప్రొటీన్లకి ఇటుకల్లాంటి ఇరవై రకాల అమైనో ఆమ్లాలకి గుర్తులు (అంటే పర్యాయపదాలూ ఉన్నాయన్నమాట), మిగతా మూడూ "ఇక్కడితో ఆపు" అని చెప్పేవి. ప్రొటీన్ తయారీకి కణం ఈ వరసని మూడేసి అక్షరాలుగానే చదువుకుంటుంది, మధ్యలో ఖాళీలేమీ ఉండవు, అందుకే ఒక్కటి జారిపోయినా ఉత్పలమాల పాదంలో ఓ అక్షరం ఎగిరిపోయినట్టే, అక్కణ్నుంచి గణాలన్నీ తప్పుతాయి.

ఈ 64 గుర్తుల పట్టిక బాక్టీరియాకీ వేపచెట్టుకీ మనకీ దాదాపు ఒకటే. మనిషి ఇన్సులిన్ జన్యువుని బాక్టీరియాలో పెడితే అది మన ఇన్సులిన్‌నే తయారుచేయడం అందువల్లే. 1960ల్లో శాస్త్రవేత్తలు నీరెన్‌బర్గ్, హరగోవింద్ ఖొరానా విప్పింది ఈ సంకేతాన్ని; 2003లో ముగిసిన మానవ జీనోమ్ ప్రాజెక్టు చదివింది క్రమాన్ని.

సికిల్ సెల్ జబ్బే చూడండి. హిమోగ్లోబిన్ జన్యువులో ఒకచోట జీఏజీ ఉండాల్సింది జీటీజీ అవుతుంది (జీ అంటే గ్వానిన్, ఏ అంటే అడినిన్, టీ అంటే థైమిన్). మారింది క్రమంలో ఒక్క అక్షరం. జీటీజీ అంటే వాలీన్ అనే అమైనో ఆమ్లం అన్న సంకేతం మాత్రం ఎవరిలోనైనా అదే.

ఇక రాత సంగతి. రెండూ సమాసాలే కాబట్టి కలిపి రాయడమే పద్ధతి. జన్యుసంకేతం మరీ పొడుగ్గా అనిపిస్తే మధ్యలో చోటు వదిలినా నేను తప్పుపట్టను, "జన్యువు సంకేతం" అని మాత్రం రాయకండి.