అటకలో మరో పొర వేయించే ముందు

ప్రశ్న: మాది వాలు కప్పు ఇల్లు. సీలింగు పైన, అటకలో, ఇల్లు కట్టినప్పుడు పరిచిన గ్లాస్ ఊల్ (వేడిని అడ్డుకునే గాజు పోగుల పొర) సుమారు 10 సెంటీమీటర్ల మందాన ఉంది. అయినా ఎండాకాలంలో ఏసీ, చలికాలంలో హీటరు ఆపకుండా నడపవలసి వస్తోంది. దానిపై మరో పొర వేయిస్తే కరెంటు బిల్లు తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: తగ్గుతుంది. అయితే ముందుగా కింది గదుల గాలి అటకలోకి ఎక్కడెక్కడ దారి చేసుకుంటోందో వెతికించండి. గ్లాస్ ఊల్ వేడిని అడ్డుకునేది దాని పోగుల నడుమ కదలకుండా నిలిచిన గాలి వల్లనే కాబట్టి, సందుల్లోంచి వచ్చే గాలి దాని గుండా సాగిపోతూ ఉంటే ఎంత మందాన పరిచినా ఆశించిన ఫలితం దక్కదు. పాత పొరను అక్కడక్కడా ఎత్తి చూడండి. దుమ్ము పట్టి నల్లబడిన మచ్చలు కనిపిస్తే, చాలావరకు ఆ కిందనే సందు ఉంటుంది. వైర్లు, పైపులు పైకి వచ్చే రంధ్రాలను, గోడలు సీలింగును కలిసే అంచులను సీలెంట్‌తో మూయించండి. చాలామంది మరిచిపోయేది అటక తలుపును. దాని అంచులకు రబ్బరు పట్టీ, పైభాగాన ఇన్సులేషన్ పలక తప్పక ఉండాలి. పొగగొట్టం ఉంటే దాని చుట్టూ మంటను తట్టుకునే సామగ్రినే వాడాలి.

ఇక మందం సంగతి. 10 సెంటీమీటర్ల పొర గుండా 100 పాళ్ల వేడి దాటుతుందనుకుంటే, 20 సెంటీమీటర్లకు అది 50 పాళ్లకూ, 30కి సుమారు 33 పాళ్లకూ తగ్గుతుంది. అంటే మీరు వేయించబోయే రెండో పొరకు దక్కే లాభం మూడో పొరకు దక్కదు. కొత్త పొరను దూలాల మధ్య కుక్కకుండా, వాటికి అడ్డంగా, దూలాలు కూడా కప్పబడేలా పరిపించండి. ఎందుకంటే దూలాల చెక్క గ్లాస్ ఊల్ కంటే దాదాపు 3 రెట్లు సులువుగా వేడిని ప్రసరింపజేస్తుంది. ఇక పొరను అదిమితే లోపలి గాలి పోయి, పెట్టిన ఖర్చు వృథా అవుతుంది.

చూరు దగ్గరి గాలి రంధ్రాలను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కప్పనివ్వకండి. అటకలోని తేమ బయటికి పోయే దారి అదే. స్నానాలగది ఎగ్జాస్ట్ ఫ్యాను గొట్టం అటకలోనే ఆగిపోయి ఉంటే, దానిని కప్పు దాటించి బయటికి తీయించిన తరువాతే కొత్త పొర పని మొదలుపెట్టించండి.