ఉన్న అనుభవం దాచి, లేనిది కొంటారా?

ప్రశ్న: మేడమ్, మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. 2022లో బీటెక్ మెకానికల్ పాసయ్యాను. జీడిమెట్లలో ఒక మెషిన్ షాపులో పది నెలలు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేశాను. పీఎఫ్ పోను పద్నాలుగు వేలు చేతికొచ్చేవి. ఫ్రెండ్సంతా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారని అది మానేసి, అమీర్‌పేట హాస్టల్లో ఉండి జావా నేర్చుకున్నాను. ఎక్కడ అప్లై చేసినా పాత బ్యాచ్ అని పక్కన పెడుతున్నారు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు లక్షా ఇరవై వేలిస్తే, బెంగళూరు కంపెనీలో మూడేళ్లు జావా డెవలపర్‌గా చేసినట్టు ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ ఇస్తామంటున్నారు. మెషిన్ షాపు సంగతి మాత్రం రెజ్యూమేలో ఎత్తొద్దట. ఇరవై వేలు అడ్వాన్స్ కట్టేశాను. మిగతా డబ్బు కోసం నాన్న అప్పు చూస్తున్నాడు. ముందుకెళ్లమంటారా?
– పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు మీ నాన్నగారికి ఫోన్ చేసి ఆ అప్పు ఆపించండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

తప్పొప్పులు మీకు తెలియవని కాదు, తెలుసు కాబట్టే ఉత్తరం రాశారు. ఇరవై ఏళ్లకు పైగా ఐటీ కంపెనీల్లో హెచ్‌ఆర్ పని చేసినదాన్ని కాబట్టి, ఈ బేరం మీకెందుకు గిట్టదో మాత్రం చెబుతాను.

మీకు పీఎఫ్ కట్టారంటే యూఏఎన్ నంబరు, అంటే ఎన్ని ఉద్యోగాలు మారినా ఒకటే ఉండే పీఎఫ్ నంబరు, ఉన్నట్టే. ఆఫర్ ఇచ్చాక చాలా కంపెనీలు మొదట అడిగేది అదే. పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ సైట్లో సర్వీస్ హిస్టరీ తెరిస్తే ఏ సంస్థలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నీ తేదీలతో కనిపిస్తాయి. బెంగళూరులో జావా రాస్తున్నానని మీరు చూపించే రోజుల్లోనే జీడిమెట్లలో మీ పేరున పీఎఫ్ పడుతూ ఉంటుంది! నంబరే లేదని దాచినా ఆధార్‌తో ముడిపడి ఉంది కదా, ఎన్నాళ్లు దాగుతుంది? చేరిన ఆరు నెలలకు బ్యాక్‌గ్రౌండ్ రిపోర్ట్ వచ్చి, మధ్యాహ్నం భోజనం వేళకి ల్యాప్‌టాప్ అప్పజెప్పి వెళ్లిపోయిన పిల్లల్ని చూశాను. దొంగ కాగితాన్ని అసలుదిగా వాడటం నేరమని కూడా గుర్తుంచుకోండి. పట్టుబడేది మీరు, కన్సల్టెన్సీ కాదు.

ఇంటర్వ్యూ సంగతి ఇంకోటి. "మీ రిలీజ్ ఏ రోజు ఉండేది? రాత్రిపూట ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే ఎవరు ఫోన్ చేసేవారు? కోడ్ రివ్యూలో తిన్న చివాట్లలో ఒకటి చెప్పండి" అని అడిగేవాళ్లం. నిజంగా చేసినవాడు నవ్వేసి మొదలుపెడతాడు, ఆపడం కష్టం. కొనుక్కొచ్చినవాడు "బ్యాంకింగ్ ప్రాజెక్ట్ మేడమ్, యూఎస్ క్లయింట్" అని మళ్లీ మొదటికి వస్తాడు. వారానికి నలుగురు అదే ప్రాజెక్ట్ చెప్పేవారు.

అసలు నాకు చిరాకు తెప్పించింది ఆ మెషిన్ షాపును దాచమనడం. మీ దగ్గరున్న నిఖార్సయిన సరుకు అదొక్కటే! షిఫ్ట్ మొదట్లో తొలి పీసును మైక్రోమీటర్‌తో కొలిచి, డ్రాయింగ్‌లో ఇచ్చిన టాలరెన్స్‌తో (కొలతలో ఎంత తేడా వరకు ఫర్వాలేదో దానితో) సరిచూసి, తేడా ఉంటే ఆపరేటర్ గొణుగుతున్నా మెషిన్ ఆపించి, రిజెక్షన్ రిపోర్ట్ రాసుంటారు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేసేదీ దాదాపు అదే. మీ జావా కూడా వృథా పోదు, సెలీనియం అనే టూల్‌తో చేసే ఆటోమేషన్ టెస్టింగ్‌కి అది పనికొస్తుంది. డెవలపర్ అన్న పిలుపు మీద మోజు కాస్త పక్కన పెట్టి ఇటు చూడండి.

నన్నడిగితే ఇంకా మంచి దారి శాప్, అంటే పెద్ద కంపెనీలు కొనుగోళ్ల నుంచి లెక్కల దాకా నడుపుకునే సాఫ్ట్‌వేర్. అందులో క్వాలిటీ మేనేజ్‌మెంట్ మాడ్యూల్ ఉంది. ఇన్‌స్పెక్షన్ లాట్ (తనిఖీకి వచ్చిన సరుకు), యూసేజ్ డెసిషన్ (దాన్ని తీసుకోవాలా వద్దా అన్న నిర్ణయం) అన్న మాటలు కోర్సులో చేరిన కంప్యూటర్స్ కుర్రాడికి బట్టీ పట్టే పదాలు. మీరు ఆ పని చేత్తో చేశారు. అయితే పది నెలల అనుభవంతో నేరుగా కన్సల్టెంట్‌ని చేస్తారని మాత్రం ఆశ పెట్టను. శాప్ వాడే పెద్ద ప్లాంటులో క్వాలిటీ ఇంజినీర్‌గా చేరి, రెండు మూడేళ్లు ఆ సిస్టమ్ మీద చెయ్యి తిరిగాక అటు మళ్లేవాళ్లున్నారు. ఆదిభట్ల ఏరోస్పేస్ యూనిట్లు, శ్రీసిటీ, పెనుకొండ కియా చుట్టుపక్కల విడిభాగాల కంపెనీలు వెతకండి. హాస్టల్ నుంచి పెద్ద దూరం కాదు, బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సీఐటీడీకి (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఒకసారి వెళ్లి క్యాడ్ (కంప్యూటర్‌పై డిజైన్), సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్లు) స్వల్పకాలిక కోర్సులు ఏమున్నాయో కనుక్కోండి. నాన్నగారు అప్పు చేసే డబ్బులో కొంతైనా ఇటు పెడితే కాగితం బదులు పని మిగులుతుంది.

రెజ్యూమేలో పైనున్న 'ఆబ్జెక్టివ్' పేరా కొట్టేయండి, దాన్ని ఎవరూ చదవరు. అక్కడ జీడిమెట్ల ఉద్యోగం పెట్టండి: ఏ పార్టులు, ఏ పరికరాలతో కొలిచారు, ఎలాంటి లోపం పట్టుకున్నారు. మధ్యలో ఖాళీ గురించి అడిగితే "జావా నేర్చుకున్నాను" అనండి చాలు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మానేసిన చోటి సూపర్‌వైజర్‌కి కూడా ఫోన్ చేయండి. మెషిన్ షాపుల వాళ్లకు ఒకరికొకరు బాగా తెలిసే ఉంటారు, ఎక్కడ ఖాళీ ఉందో నౌకరీ డాట్ కామ్ కన్నా ముందు వాళ్లకే తెలుస్తుంది.

ఇక ఆ ఇరవై వేలు. వస్తాయని హామీ ఇవ్వలేను. వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి, యూపీఐలో కట్టుంటే ఆ రసీదు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టి ఉంటే మాత్రం, డబ్బు మాట ఎత్తకముందే వెళ్లి అవి చేతికి తెచ్చుకోండి.