అమ్మ గదికి రిమోట్ ఫ్యాన్: రూ. 3,000 ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో పై అంతస్తు అద్దె ఇంట్లో ఉంటున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, తెల్లవారుజామున చలేస్తే లేచి ఫ్యాన్ తగ్గించుకోలేదు. మూడు గదుల్లోనూ ఓనర్ బిగించిన పాత ఫ్యాన్లే. ఒక్కోటి రూ. 900 చొప్పున మూడింటికీ రిమోట్ రెగ్యులేటర్లు పెట్టిద్దామని రూ. 3,000 పక్కన పెట్టాను. ఆన్‌లైన్‌లో రూ. 350కి కూడా దొరుకుతున్నాయి. ఏది తీసుకోమంటారు? కరెంటు మామూలుగా నెలకు 180 యూనిట్లు, ఎండాకాలం 240 దాకా కాలుతుంది.

జవాబు: అవసరం ఒక్క గదిలోనే ఉంది కాబట్టి డబ్బును మూడు గదులకు పంచకండి. అమ్మగారి ఫ్యాన్ రోజుకు ఎన్ని గంటలు తిరుగుతుందో ముందు లెక్కేయండి. ఏది చవకో ఆ గంటలను బట్టే తేలుతుంది.

పాత ఫ్యాన్ ఫుల్ స్పీడులో సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. రిమోట్‌తో పాటే వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్ (కరెంటు తక్కువ తీసుకునే బ్రష్‌లెస్ డీసీ మోటారుది) అదే గాలికి 30 వాట్ల దగ్గర ఆగుతుంది. మధ్యాహ్నం, రాత్రి కలిపి 12 గంటలు తిరిగితే 45 వాట్ల తేడా నెలకు 16 యూనిట్లు. ఈ యూనిట్లు బిల్లులో పై శ్లాబు నుంచి తగ్గుతాయి. 126 నుంచి 225 దాకా యూనిట్ రూ. 6, ఆపైన 400 దాకా రూ. 8.75. అంటే మామూలు నెలల్లో రూ. 97, ఎండాకాలం నెలకు రూ. 135 పైనే మిగులుతుంది. ఏడాదికి తొమ్మిది నెలలు ఫ్యాన్ తప్పని ఊరు మనది, అలా దాదాపు వెయ్యి. స్పీడు 3లో తిప్పితే వాట్ల తేడా తగ్గుతుంది కనుక రూ. 700 అనుకోవడం మేలు. బీఎల్‌డీసీ రూ. 3,000 అనుకుంటే, రూ. 900 రిమోట్ రెగ్యులేటర్ కంటే దానికి అదనంగా పెట్టే రూ. 2,100 మూడేళ్లలో తిరిగొస్తుంది. రోజుకు నాలుగు గంటలు తిరిగే గదిలో అదే డబ్బు రావడానికి తొమ్మిదేళ్లు పడుతుంది. అందుకే అమ్మగారి గదికి ఒక్క బీఎల్‌డీసీ కొనండి, మిగతా రెండు గదులను అలాగే వదిలేయండి.

అద్దె ఇల్లని వెనకాడకండి. ఓనర్‌కు చెప్పి పాత ఫ్యాన్‌ను రెక్కలతో సహా అటక మీద దాచండి. ఇల్లు మారేటప్పుడు దాన్ని బిగించి, మీది మీరు తీసుకెళ్లొచ్చు. బీఎల్‌డీసీకి గోడ మీది రెగ్యులేటర్ పనికిరాదు. దాన్ని తప్పించి వైరు నేరుగా కలపమని ఎలక్ట్రీషియన్‌కు గట్టిగా చెప్పండి, లేకపోతే లోపలి బోర్డు పాడవుతుంది. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి, దాని మీద వాట్లు చూసి కొనండి. వారంటీ తర్వాత బోర్డు పోతే ఖర్చు మీదే కాబట్టి ఆ కంపెనీ సర్వీసు సెంటర్ తిరుపతిలో ఉందో లేదో గాంధీ రోడ్డులో బేరమాడేటప్పుడే అడగండి.

ఓనర్ ఒప్పుకోకపోయినా, ఇప్పుడే అంత పెట్టలేకపోయినా రిమోట్ రెగ్యులేటర్ తీసుకోవచ్చు. అయితే ముందు పాత ఫ్యాన్ ఆరోగ్యం చూడండి. 5లో పెట్టినా మెల్లగా తిరుగుతుంటే చాలాసార్లు లోపం కెపాసిటర్‌ది. సాధారణంగా 2.5 మైక్రోఫారడ్ ఉంటుంది, వంద రూపాయల లోపే. పాతదాని మీద రాసిన విలువదే వేయించండి. బేరింగ్ అరిగి శబ్దం చేసే ఫ్యాన్‌కు మాత్రం రిమోట్ పెట్టడం దండగ.

రూ. 350 రకంలో లైట్ డిమ్మర్‌నే ఫ్యాన్‌కు కూడా అని అమ్మేవి ఉంటాయి. అవి కరెంటు అలను ముక్కలు చేసి స్పీడు తగ్గిస్తాయి. దాంతో తక్కువ స్పీడులో మోటారు గుయ్‌మంటుంది, వేడెక్కుతుంది. నిద్రపట్టని పెద్దవాళ్ల గదిలో ఆ శబ్దం చాలా ఇబ్బంది. కెపాసిటర్ రకం అడగండి, నాలుగైదు స్టెప్పులే ఉన్నా నిశ్శబ్దంగా తిరుగుతుంది. రిమోట్‌లోనూ తేడా ఉంది. టీవీ రిమోట్‌లా కంటికి ఎదురుగా చూపిస్తేనే పనిచేసే ఐఆర్ రకానికి సెన్సర్ బయటికి కనపడాలి. ఫ్యాన్ పైకప్పు గిన్నెలో దాచేస్తే అది పనిచేయదు. దుప్పట్లోంచి నొక్కినా పనిచేసే ఆర్‌ఎఫ్ రకమే అమ్మగారికి నప్పుతుంది.

కరెంటు పోయి వచ్చాక పాత స్పీడులోనే మళ్లీ తిరుగుతుందా అని తప్పక అడగండి. ఆ జ్ఞాపకం లేని వాటిలో కరెంటు వచ్చినా ఫ్యాన్ ఆగే ఉంటుంది, చీకట్లో రిమోట్ వెతుక్కోవాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే ఆ సంగతి కూడా షాపులో చెప్పండి, కొన్ని రకాలు దాని మీద గుయ్‌మంటాయి.

బిగించేటప్పుడు ఎంసీబీ ఆపి, టెస్టర్‌తో చూశాకే వైర్లు ముట్టాలి. రిమోట్ రెగ్యులేటర్‌కు ఫేజ్‌తో పాటు న్యూట్రల్ కావాలి. పాత స్విచ్ బోర్డులో రెగ్యులేటర్ దగ్గర న్యూట్రల్ ఉండకపోవచ్చు. పైన ఫ్యాన్ దగ్గర రెండూ ఉంటాయి కనుక పైన పెట్టే రకం తేలిక, ఇల్లు మారితే విప్పుకోవడమూ సులువు. గోడ రెగ్యులేటర్‌ను దీనికీ తప్పించాల్సిందే. రెండూ వరుసలో ఉంటే స్పీడు సరిగా రాదు, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ కూడా త్వరగా పోతుంది. గోడ స్విచ్ ఎప్పుడూ వేసే ఉంచాలి. రిసీవర్ ఒక వాట్ తీసుకున్నా నెలకు ముప్పావు యూనిటే, మామూలు నెలల్లో ఐదు రూపాయల లోపు.

కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐ అంటే తొందరపడకండి. ప్రాసెసింగ్ ఫీజు రూ. 199 వేసి, దాని మీద 18% జీఎస్టీ కలిపితే రూ. 235 అవుతుంది. రూ. 3,000 వస్తువు మీద అది దాదాపు 8%. మీ దగ్గర డబ్బు సిద్ధంగా ఉంది, నగదుకే కొనండి. ఎలక్ట్రీషియన్ కూలి వేరుగా ఉంచుకోండి. ఫ్యాన్‌తో వచ్చిన రిమోట్‌కు తాడు కట్టి అమ్మగారి మంచానికి తగిలించండి, కిందపడితే వంగి తీసుకోవడం ఆవిడకు కష్టం.