నోటీసు ఇవ్వకుండా కొత్త పని ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: విజయవాడలో ఇంటి నుంచే వీడియో ఎడిటింగ్ చేస్తాను. హైదరాబాద్‌లోని ఒక కోచింగ్ సంస్థకు ఏడాదిన్నరగా నెలకు 45 వేలకు ఫ్రీలాన్సర్‌గా పని చేస్తున్నాను. రెండు నెలల బిల్లులు ఇంకా రాలేదు. అలాంటిదే మరో సంస్థ ఒకటో తారీఖు నుంచి పని మొదలుపెట్టమంటోంది. పాత కాంట్రాక్టులో 30 రోజుల నోటీసు ఇవ్వాలని, మానేశాక ఏడాదిపాటు పోటీ సంస్థకు పని చేయకూడదని, మాట తప్పితే 2 లక్షలు కట్టాలని ఉంది. ఫోన్ ఎత్తడం మానేసి ఊరుకుంటే ఏమవుతుంది?
- ఒక పాఠకురాలు

జవాబు: ఫోన్ మాత్రం ఎత్తండమ్మా. మీరు హడలిపోతున్న ఆ ఏడాది షరతుకు అసలు అంత బలం లేదు. వృత్తి చేసుకోకుండా ఒకరిని అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో 2006లో సుప్రీంకోర్టు కూడా, కాంట్రాక్టు ముగిశాక అలాంటి కట్టడి నిలవదనే చెప్పింది. వాళ్ల విద్యార్థుల జాబితానో, ఇంకా విడుదల చేయని పాఠాలనో పట్టుకెళ్తే మాత్రం అది వేరే కేసు.

చిక్కంతా కాంట్రాక్టు ఇంకా నడుస్తుండగా వస్తుంది. ఆ కాలంలో పోటీ సంస్థకు పని చేయనన్న షరతును కోర్టులు మామూలుగా ఒప్పుకుంటాయి. మీరు చెప్పాపెట్టకుండా మాయమైతే కాంట్రాక్టు ముగిసినట్టు కాదు. ఒకటో తారీఖున మీరు పాత కాంట్రాక్టులో ఉంటూనే పోటీ సంస్థకు పని చేస్తున్నట్టవుతుంది. వాళ్లకు కావలసిన కేసు మీరే చేతికిచ్చినట్టు.

కాబట్టి ఈరోజే నోటీసు ఈమెయిల్ చేయండి. వాట్సాప్ మెసేజ్‌తో సరిపెట్టకండి. నోటీసు పోస్టులో పంపాలని కాంట్రాక్టులో ఉంటే పోస్టులోనూ పంపి రసీదు దాచుకోండి. నాలుగు ముక్కలు చాలు: ‘ఫలానా క్లాజు ప్రకారం ఈరోజు నుంచి 30 రోజుల నోటీసు ఇస్తున్నాను. ఫలానా తేదీ నా చివరి రోజు. చేతిలో ఉన్న వీడియోలు అప్పటికి పూర్తి చేసి ఇస్తాను. రెండు బిల్లుల కింద రూ. 90,000 రావాలి.’ కోపాలు, కారణాలు రాయొద్దు. అవి తర్వాత మీకే అడ్డం తిరుగుతాయి. ముందే వదిలేయమని అడగవచ్చు, చాలామంది ఒప్పుకుంటారు కూడా. కానీ ఆ ‘సరే’ అన్నమాట ఈమెయిల్‌లో రావాలి. లేకపోతే కొత్తవాళ్లనే కొన్నాళ్లు ఆగమనండి.

2 లక్షల సంగతికొస్తే, అదే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం అది గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు ఆ లోపు సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది.

బిల్లులు వచ్చేదాకా హార్డ్‌డిస్క్ ఇవ్వనని బిగదీసుకుని కూర్చోవాలని మీకు అనిపించవచ్చు. అలా చేయకండి. ఫుటేజీ వాళ్లది. డబ్బు తగాదా కాస్తా పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతుంది. అన్నీ అప్పగించి ‘అందాయి’ అని ఈమెయిల్ తీసుకోండి. ఆ ఒక్క ముక్కే రేపు మీ బిల్లులకు సాక్ష్యం.

ఆ పని చేసేనాటికే మీకు ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉంటే, మీ బిల్లు ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతలు చక్రవడ్డీ పడుతుంది. దీనిపై సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రిజిస్ట్రేషన్ లేకపోతే లీగల్ నోటీసు, ఆపైన సివిల్ కోర్టు. కేసు వేయడానికి మామూలుగా గడువు మూడేళ్లు. రిజిస్ట్రేషన్‌కు పైసా ఖర్చు లేదు, కొత్త పని మొదలయ్యేలోపే చేయించుకోండి.

కొత్త సంస్థ ఇచ్చే కాగితం కూడా ఒకసారి చదవండి. ‘ప్రస్తుతం మరే సంస్థతోనూ ఒప్పందంలో లేను’ అన్న వాక్యం చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. మీ నోటీసు గడువు ముగిశాకే, ఆ మర్నాటి తేదీతో సంతకం చేయండి.