శబ్ద సందేహాలు: ఇల్లు మారితే పాట ఎందుకు మారింది?

ప్రశ్న (ఒంగోలు నుంచి ఒక పాఠకుడు): లాయర్‌పేటలో అద్దెకున్న పాత మిద్దెలో ఏళ్ల తరబడి హాయిగా విన్న స్పీకర్లనే కొత్త ఇంటికి తెచ్చుకున్నాను. హాలు పొడవు 20 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10. నేలంతా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వేయించాము. వెనక గోడకు ఆనించిన సోఫాలో కూర్చుంటే డోలు గుంయ్‌మని మోగుతుంది, పాటలో మాట తెలియదు. హాలు మధ్యగీత మీద కుర్చీ వేసుకుని వెనక గోడ నుంచి ఐదడుగులు ముందుకు జరిగితే ఆ మోత ఉన్నట్టుండి మాయమవుతుంది కానీ, డోలు కూడా తేలిపోతుంది. 50 వాట్ల యాంప్లిఫయర్ తీసేసి 100 వాట్లది కొన్నా పెద్ద తేడా కనబడలేదు. ఇక స్పీకర్లు మార్చవలసిందేనా?

జవాబు: మార్చనక్కరలేదు. ఐదడుగులని మీరు కొలిచి రాయడం వల్ల సగం జవాబు మీ ఉత్తరంలోనే దొరికింది.

మన ప్రాంతపు వేడిలో శబ్దం సెకనుకు సుమారు 346 మీటర్ల వేగంతో పోతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం ఏ శబ్దపు తరంగదైర్ఘ్యానికి (ఒక తరంగం పొడవుకు) సరిగ్గా సగమవుతుందో, ఆ శబ్దం ఆ గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటూ స్థిర తరంగంగా నిలిచి బలపడుతుంది. పది అడుగులంటే 3.05 మీటర్లు కనుక, మీ హాలు వెడల్పులో అలా నిలిచే శబ్దం సుమారు 57 హెర్ట్జ్, అంటే సెకనుకు 57 కంపనాలు. ఎత్తు కూడా పది అడుగులే కాబట్టి నేలకూ శ్లాబుకూ మధ్య నిలిచేది కూడా అదే. పొడవు దానికి సరిగ్గా రెట్టింపు కావడం వల్ల ఆ దిశలో మొదటి తరంగం 28 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అంత కింది శబ్దాన్ని ఇళ్లలో వాడే మామూలు స్పీకర్లు పెద్దగా పలకవు. అయితే అదే దిశలో రెండో తరంగం, అంటే గోడల మధ్య పూర్తిగా ఒక తరంగం పట్టేది, మళ్లీ 57 దగ్గరికే వస్తుంది. అంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిసి ఒకే స్వరం మీద పట్టుబట్టాయి. ఇల్లు కట్టేటప్పుడు ఈ లెక్క ఎవరూ చూడరు. వాస్తు చూసేవారు మొదలే చూడరు.

గోడ దగ్గర ఈ తరంగాల ఒత్తిడి గరిష్ఠంగా ఉంటుంది, అందుకే సోఫాలో అంత మోత. పొడవు దిశలోని రెండో తరంగానికి పొడవులో నాలుగో వంతు దగ్గర, అనగా వెనక గోడకు సరిగ్గా ఐదడుగుల దూరంలో, ఒత్తిడి దాదాపు సున్నా. వెడల్పు తరంగానికి హాలు మధ్యగీత మీద సున్నా. మీరు కుర్చీ వేసుకున్న చోట ఆ రెండూ ఒకేసారి చచ్చిపోతున్నాయి కాబట్టి మోతతో పాటు డోలు బరువు కూడా పోయింది. నమ్మకం కుదరకపోతే ఫోనులో ఒకే స్వరం పలికించే ఉచిత ఆప్ ఒకటి వేసుకుని, 57 దగ్గర పెట్టి, తక్కువ శబ్దంతో స్పీకర్లలో వినిపిస్తూ గోడ నుంచి మెల్లగా ముందుకు నడవండి. వాల్యూమ్ ఎవరూ ముట్టకుండానే అడుగడుగుకూ శబ్దం తగ్గుతూ వచ్చి, ఐదో అడుగు దగ్గర బాగా సన్నబడి, అది దాటగానే మళ్లీ పెరుగుతుంది.

కాబట్టి ముందుగా సోఫాను గోడ నుంచి మూడడుగులు ముందుకు జరపండి. అక్కడ మోత తగ్గుతుంది, బేస్ మిగులుతుంది. హాలు మధ్యలోకి సోఫా వచ్చిందేమిటని ఇంట్లోవారు అడుగుతారు, దానికి జవాబు మీరే చెప్పుకోవాలి. స్పీకర్లు మూలల్లో ఉంటే బయటికి తీయండి. దగ్గరలో ఉన్న ఒక్కొక్క గోడ బేస్‌ను ఆరు డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) వరకు పెంచగలదు, మూలలో రెండు గోడలు, కింద నేల కూడా కలుస్తాయి. పక్క గదిలోకి ఉన్న తలుపు తెరిచి పెట్టడం కూడా పనికొస్తుంది, కింది శబ్దం కొంత అటు పోతుంది.

మాట తెలియకపోవడానికి కారణం వేరు. నునుపు పట్టిన గ్రానైట్ తన మీద పడిన శబ్దాన్ని దాదాపు మొత్తంగా వెనక్కి కొడుతుంది. పాత మిద్దెలో మంచం, పరుపు, దండెం మీద బట్టలు మీకు తెలియకుండానే ఆ శబ్దాన్ని తాగేవి. స్పీకర్లకూ సోఫాకూ మధ్య నేల మీద మందపాటి జంబుఖానా రెండు మడతలు వేసి పరవండి. పక్క గోడల సంగతి తెలియాలంటే మీరు సోఫాలో కూర్చుని, ఇంకొకరిని గోడ వెంబడి ముఖం చూసుకునే అద్దం జరుపుకుంటూ పొమ్మనండి. అద్దంలో మీకు స్పీకరు కనిపించిన చోటే శబ్దం తగిలి మీ చెవికి వస్తోంది. ఆ చోట పుస్తకాల అలమారో, మందపాటి పరదాయో పెడితే చాలు. గుడ్ల అట్టలు అంటించమని చెప్పేవారి మాట వినవద్దు. 57 హెర్ట్జ్ తరంగం పొడవు ఆరు మీటర్లు, అంగుళం మందం ఉన్న అట్టగానీ ఫోమ్ గానీ దాన్ని ఏమీ చేయలేవు.

వాట్ల మాట కూడా చెప్పాలి. వాట్లు రెట్టింపయితే పెరిగేది మూడు డెసిబెల్స్ మాత్రమే. చెవికి శబ్దం రెట్టింపయినట్టు తోచడానికి సుమారు పది డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల వాట్లు కావాలి. మీ 50కి 500 అన్నమాట. అంతకంటే, ఒక్క వాటుకు 84 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరు బదులు 90 ఇచ్చేది ఎంచుకుంటే యాంప్లిఫయర్‌ను నాలుగింతలు చేసినంత లాభం. దుకాణంలో ఈ అంకెను అడిగేవారు తక్కువ.

ప్రశ్న (కావలి నుంచి ఒక పాఠకుడు): సెట్ టాప్ బాక్సును యాంప్లిఫయర్‌కు కలిపినప్పటి నుంచి పాట లేకపోయినా సన్నగా హమ్మింగ్ వస్తోంది. యాంప్లిఫయర్ వెనక రేకు మీద వేలు పెడితే జివ్వుమంటోంది. ప్లగ్గులో మూడో పిన్ను పీకేస్తే పోతుందని మెకానిక్ అంటున్నాడు.

జవాబు: పీకవద్దు. హమ్మింగ్ పోయినా ప్రాణానికి ఉన్న రక్షణ కూడా పోతుంది. సెట్ టాప్ బాక్సు వెనక ఉన్న కేబుల్ టీవీ వైరును ఊడదీసి చూడండి. మోత ఆగిపోతే దొంగ దొరికినట్టే: ఆ వైరులో ఉండే లోహపు తొడుగుకు వీధిలో ఎక్కడో ఒక ఎర్తు, మీ యాంప్లిఫయర్‌కు ఇంట్లో ఇంకొక ఎర్తు ఉండి, రెండింటి మధ్య ఉన్న చిన్న తేడా వల్ల 50 హెర్ట్జ్ కరెంటు ఆడియో వైరు మీదుగా పారుతోంది. కేబుల్ వైరుకు ఐసోలేటర్ అమర్చితే ఆ దారి తెగుతుంది. రెండు పెట్టెలకూ ఆప్టికల్ సాకెట్టు ఉంటే ఇంకా మేలు, వెలుతురు ద్వారా వెళ్లే పాటలోకి కరెంటు మోత దూరే దారి లేదు.

జివ్వుమనడం మాత్రం వేరే కథ. గోడ సాకెట్టుకు మూడు రంధ్రాలున్నా లోపల ఎర్తు వైరే లేని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అలాంటి చోట యాంప్లిఫయర్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల రేకు మీదికి మెయిన్స్ వోల్టేజీలో సుమారు సగం, అతి స్వల్పమైన కరెంటుతో, చేరుతుంది. అయితే లోపల వైరు తెగి రేకుకు తగలడం వల్ల కూడా షాక్ రావచ్చు కనుక, చూపించే వరకు వాడకం ఆపండి. ఎలక్ట్రీషియన్ చేత సాకెట్టులో ఎర్తు ఉందో లేదో, ఎర్తు గుంతలో తడి ఉందో లేదో చూపించండి. మన ఎండలకు ఆ గుంత ఎండిపోతుంది. ఎండాకాలంలో దానికి నీళ్లు పోయడం పాతవాళ్లకు తెలిసిన పనే.

ప్రశ్న (నెల్లూరు, మూలాపేట నుంచి ఒక పాఠకురాలు): మా నాన్నగారి స్పీకర్లు ఏళ్లుగా బీరువా మీదే ఉన్నాయి. తీసి చూస్తే కోను చుట్టూ ఉన్న మెత్తటి అంచు వేలు తగలగానే పొడిగా రాలిపోయింది. వాడని వస్తువు ఎలా పాడైంది? అంచులు మార్పించాక శబ్దం వస్తోంది కానీ, బేస్ లేదు, గొంతు ఎటు నుంచి వస్తోందో తెలియడం లేదు.

జవాబు: ఆ అంచు ఫోమ్‌ది. గాలిలోని తేమ దాన్ని లోలోపలే విరగ్గొడుతుంది కాబట్టి వాడినా వాడకపోయినా ఒకనాటికి రాలిపోతుంది. రబ్బరు అంచు ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇక బేస్ లేకపోవడానికి కారణం, బిగించేటప్పుడు ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ తారుమారై ఉండడమే కావచ్చు. అప్పుడు ఒక కోను ముందుకు వచ్చిన క్షణంలో రెండోది వెనక్కి పోతుంది, రెండింటి బేస్ ఒకదాన్నొకటి తినేస్తుంది. స్పీకర్లను యాంప్లిఫయర్ నుంచి విడదీసి, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను ఎర్ర టెర్మినల్‌కు, మైనస్‌ను నల్లదానికి క్షణంపాటు తాకించి తీయండి. టప్పుమని కోను ముందుకు రావాలి. రెండు స్పీకర్లలో ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి కదిలితే, వెనక్కి కదిలినదాని వైర్లు అటూ ఇటూ మార్చి బిగించండి.

ప్రశ్న (కందుకూరు నుంచి ఒక పాఠకుడు): స్పీకర్లు అయిదు మీటర్ల దూరంలో ఉన్నాయి. వేల రూపాయల ఖరీదైన వైరు కొనాలా?

జవాబు: వద్దు. ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కిలోమీటరుకు సుమారు 12 ఓముల నిరోధం చూపుతుంది. మీకు పోనూ రానూ కావలసింది పది మీటర్లు, అంటే 0.12 ఓము. 8 ఓముల స్పీకరు ముందు అది లెక్కలోకి రాదు. రాగి అని చెప్పి రాగి పూత పూసిన అల్యూమినియం అమ్ముతున్నారు కనుక కొనేముందు ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే తీసుకోవద్దు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వైరు కొసలు నల్లబడితే అర అంగుళం కోసి, కొత్తగా తొడుగు ఒలిచి బిగించుకోండి.