ఫాదర్ మైకల్ జడ్జ్‌ను 9/11 ‘మొదటి మృతుడు’ అని ఎందుకు అంటారు?

2001 సెప్టెంబరు 11న అమెరికాపై జరిగిన విమాన ఉగ్రదాడుల్లో (9/11) అందరికంటే ముందు మరణించింది ఆయన కాదు. విమానాల్లో ఉన్నవారు అప్పటికే ప్రాణాలు కోల్పోయారు. అధికారికంగా నమోదైన తొలి మృతుడు ఆయనే కావడంతో, ఆ రికార్డులో ఆయనకు 0001 అనే సంఖ్య దక్కింది.

ఫ్రాన్సిస్కన్ అనే కతోలిక సన్యాస సభకు చెందిన ఈ గురువు 1992 నుంచి న్యూయార్క్ అగ్నిమాపక శాఖకు చాప్లిన్‌గా, అంటే సిబ్బందికి ఆధ్యాత్మిక సేవకుడిగా ఉండేవారు. ఆ ఉదయం వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర టవర్ లాబీలో ప్రార్థిస్తూ నిలిచిన ఆయన, 9.59కి పక్కనున్న దక్షిణ టవర్ కూలినప్పుడు దూసుకొచ్చిన శిథిలాల తాకిడికి మరణించారు. హెల్మెట్ తీసి ఒకరికి అవస్థాభ్యంగనం (మరణావస్థలో ఉన్నవారికి నూనె పూసి చేసే ప్రార్థన) ఇస్తుండగా చనిపోయారన్న కథ బాగా ప్రచారంలో ఉన్నా, దాన్ని నిజమని చెప్పలేం.

ఆయన దేహాన్ని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్తున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆ తర్వాత అగ్నిమాపక సిబ్బంది ఆయనను దగ్గర్లోని పునీత పేతురు దేవాలయానికి తీసుకెళ్లి బలిపీఠం ముందు పడుకోబెట్టి, తెల్లని వస్త్రం కప్పి, ఛాతీపై బ్యాడ్జి ఉంచారు. ఎయిడ్స్ రోగులను అందరూ దూరం పెడుతున్న రోజుల్లోనే వారికి దగ్గరగా మెలిగిన మనిషి కనుక, ఆయన స్మరణ అగ్నిమాపక శాఖకే పరిమితం కాలేదు. ఆయన నివసించిన 31వ వీధి భాగానికి ఆయన పేరే పెట్టారు. ఏటా సెప్టెంబరు 11కు ముందు వచ్చే ఆదివారం అక్కడి నుంచే స్మారక నడక మొదలవుతుంది.