తల్లి నెగెటివ్, తండ్రి పాజిటివ్... బిడ్డ గ్రూపు ముందే తెలుస్తుందా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మాది పరకాల దగ్గర ఊరు. నాది ఓ నెగెటివ్, మా ఆయనది బీ పాజిటివ్. ఆయన మా మేనత్త కొడుకే. కిందటేడు మూడో నెలలో గర్భం పోతే డీఎన్‌సీ చేశారు. నెగెటివ్ వాళ్లకు వేసే ఇంజెక్షన్ అప్పుడు వేయలేదు. ఇప్పుడు నాకు నాలుగో నెల. మేనరికం వల్లే రక్తాలు కలవడం లేదని అత్తమ్మ అంటున్నది. తల్లి రక్తంతోనే బిడ్డ గ్రూపు చెప్పే పరీక్ష ఉందని హన్మకొండలో ఎవరో చెప్పారు. చేయించుకోమంటారా?
– ఓ పాఠకురాలు

జవాబు: ఆ పరీక్ష నిజమే. కానీ మీకు ముందు కావాల్సింది అది కాదమ్మా, ఐసీటీ. అంటే ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ టెస్ట్. డీఎన్‌సీ సమయంలో బిడ్డ రక్తకణాలు కొన్ని మీ రక్తంలో కలిసి ఉండొచ్చు. వాటిమీద మీ ఒంట్లో యాంటీబాడీలు (వాటిని పరాయివనుకుని ఎదుర్కొనే పదార్థాలు) తయారయ్యాయా లేదా అన్నది ఐసీటీ చెబుతుంది. తయారై ఉండి, ఇప్పటి బిడ్డ పాజిటివ్ అయితే, అవి బిడ్డ రక్తకణాలను దెబ్బతీస్తాయి. మీకు అప్పుడు వేయని యాంటీ-డీ ఇంజెక్షన్ అవి తయారవకుండా ఆపడానికే. ఈ వారంలోనే చేయించండి.

ఇక మీరడిగిన పరీక్ష. మాయ నుంచి బిడ్డ డీఎన్ఏ ముక్కలు తల్లి రక్తంలోకి వస్తుంటాయని 1997లో డెన్నిస్ లో బృందం చూపించింది. నెగెటివ్ తల్లికి సాధారణంగా గ్రూపును పాజిటివ్ చేసే ఆర్‌హెచ్‌డీ జన్యువే ఉండదు. అలాంటప్పుడు ఆమె రక్తంలో అది కనిపించిందంటే బిడ్డదే, బిడ్డ పాజిటివే. కనిపించకపోతేనే జాగ్రత్తపడాలి. బిడ్డ నిజంగా నెగెటివ్ కావచ్చు, లేదా మరీ ముందుగా చేయడంతో బిడ్డ డీఎన్ఏ చాలక దొరక్కపోయి ఉండొచ్చు. అందుకే 11 వారాలు దాటాకే నమ్మకం. డెన్మార్క్‌లో 2010 నుంచి నెగెటివ్ తల్లులందరికీ ఇది చేసి, బిడ్డ పాజిటివ్ అయితేనే ఇంజెక్షన్ ఇస్తున్నారు. మన దగ్గర డౌన్ సిండ్రోమ్ కోసం తల్లి రక్తంతో చేసే ఎన్ఐపీటీ పరీక్ష రిపోర్టులో మామూలుగా గ్రూపు రాదు, విడిగా అడగాలి. (ఆడా మగా అని మాత్రం అడక్కండి. 1994 చట్టం ప్రకారం నేరం.)

మీ అత్తమ్మ మాటకొస్తే, ఈ సమస్యకు మేనరికం కారణం కాదు. పైగా ఇక్కడ లెక్క తిరగబడుతుంది. మీరు నెగెటివ్ అంటే మీ నాన్నగారిలో ఒక నెగెటివ్ జన్యువు ఉన్నట్టే. ఆయన తోబుట్టువైన మీ అత్తమ్మలోనూ అది ఉండొచ్చు, ఆమె నుంచి మీ ఆయనకూ వచ్చి ఉండొచ్చు. అలా వచ్చి ఉంటే బిడ్డ నెగెటివ్ అయ్యే అవకాశం సగానికి సగం. నెగెటివ్ బిడ్డకు ఈ గొడవే లేదు!

ఐసీటీ నెగెటివ్ వస్తే, అంటే యాంటీబాడీలు లేకపోతే, బిడ్డ గ్రూపు పరీక్ష మీ ఇష్టం. చేయించకపోయినా 28వ వారంలో మళ్లీ ఐసీటీ చేసి, 300 మైక్రోగ్రాముల యాంటీ-డీ ఇంజెక్షన్ వేస్తారు. మధ్యలో రక్తస్రావమైనా, కడుపుకు దెబ్బ తగిలినా వెంటనే వెళ్లాలి. ఐసీటీ పాజిటివ్ వచ్చి, అది మీ ఒంట్లోనే తయారైన, పాజిటివ్ రక్తకణాల మీద పనిచేసే యాంటీ-డీ రకం యాంటీబాడీయేనని తేలితే మాత్రం ఇంజెక్షన్ పనిచేయదు. అప్పుడు ఈ పరీక్ష చాలా అవసరం. బిడ్డ నెగెటివ్ అని తేలితే ఊపిరి పీల్చుకోవచ్చు. పాజిటివ్ అయితే యాంటీబాడీ టైటర్ (రక్తంలో వాటి మోతాదు) చూస్తూ, అది 1:16కు చేరితే రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్‌తో బిడ్డకు రక్తహీనత వస్తోందేమో కనిపెట్టాలి. అవసరమైతే కడుపులోనే బిడ్డకు రక్తం ఎక్కించే ఫీటల్ మెడిసిన్ నిపుణుల దగ్గరికి పంపిస్తారు.

కాన్పయ్యాక బొడ్డుతాడు రక్తంతో బిడ్డ గ్రూపు చూస్తారు. పాజిటివ్ అయితే, మీలో యాంటీబాడీలు లేకపోతే, 72 గంటల్లోపు ఇంకో డోసు పడాలి. కాన్పుకు పుట్టింటికి వెళ్తారేమో, ఇంజెక్షన్ వేసిన తేదీ ఉన్న చీటీ వెంట తీసుకెళ్లండి. యాంటీ-డీ వేశాక కొన్ని వారాల పాటు ఐసీటీ కాస్త పాజిటివ్‌గా కనిపిస్తుంది. చీటీ లేకపోతే అక్కడి డాక్టర్లు కంగారుపడతారు.